హైబ్రిడ్ కారు ‘రెడీ’ కావడం లేదా? పెద్ద బ్యాటరీని అనుమానించే ముందు చేయవలసిన పరీక్షలు

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు హైబ్రిడ్ కార్లు పెరిగిన దగ్గర నుంచి పాఠకులు మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఒకటే ప్రశ్న. “పొద్దున బటన్ నొక్కితే డాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలిగాయి, కారు కదలడానికి సిద్ధమని చెప్పే ‘రెడీ’ మాత్రం రాలేదు. షెడ్డులో చూపిస్తే హైబ్రిడ్ బ్యాటరీ పోయింది, లక్షల్లో ఖర్చు అన్నారు. నిజమేనా?”

చాలాసార్లు నిజం కాదు. స్ట్రాంగ్ హైబ్రిడ్ కారులో రెండు బ్యాటరీలుంటాయి. చక్రాలను తిప్పే పెద్ద బ్యాటరీ ఒకటి, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ ఒకటి. పెద్ద బ్యాటరీని మిగతా కారుతో కలిపేది రిలేలు, అంటే కరెంటుతో మూసుకునే స్విచ్చులు. ఆ రిలేలు మూసుకోవాలన్నా, కారులోని కంప్యూటర్లు మేలుకోవాలన్నా 12 వోల్టులే దిక్కు. చిన్నది నీరసపడితే పెద్దది నిండుగా ఉన్నా కారు కదలదు. పైగా ఈ కార్లలో విడిగా స్టార్టర్ మోటారు ఉండదు కాబట్టి, బ్యాటరీ బలహీనపడిందని హెచ్చరించే ఆ ‘గుర్ గుర్’ చప్పుడు ముందుగా వినిపించదు. నిన్నటిదాకా బాగానే నడిచిన కారు ఇవాళ ఒక్కసారిగా మొండికేస్తుంది. అందుకే కొలవకుండా ఏదీ మార్చవద్దు, మార్పించవద్దు.

ముందు మీది ఏ రకమో తేల్చుకోండి

బానెట్ ఎత్తి చూడండి. లావుపాటి నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అది స్ట్రాంగ్ హైబ్రిడ్. హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, హోండా సిటీ హైబ్రిడ్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. ఎర్టిగా, బ్రెజా వంటి మైల్డ్ హైబ్రిడ్లలో ఉండేవి 12 వోల్టుల సీసపు బ్యాటరీ, దానికి తోడు చిన్న లిథియం బ్యాటరీ. ప్రమాదకరమైన వోల్టేజీ వాటిలో ఉండదు. గ్రాండ్ విటారా రెండు రకాలుగానూ వచ్చింది కాబట్టి పేరు చూసి నిర్ణయించుకోవద్దు, కేబుల్ రంగు చూడండి. కింద చెప్పిన 12 వోల్టుల పరీక్షలు రెండు రకాలకూ పనికొస్తాయి.

చేయి పెట్టకూడని చోట్లు

హైరైడర్ పెద్ద బ్యాటరీ 177.6 వోల్టులు. 2010లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ప్రియస్‌లో బ్యాటరీ 201.6 వోల్టులు, మోటారుకు కరెంటు అందించే ఇన్వర్టర్ దాన్ని 650 వోల్టుల దాకా పెంచుతుంది. మన ఇంటి కరెంటు 230. తాకితే ప్రాణాలకే ముప్పు.

నారింజ రంగు కేబుల్, దాని కనెక్టరు, అది వెళ్లి చేరే పెట్టె, వీటిలో దేనినీ విప్పవద్దు, గీకవద్దు, తడపవద్దు. కారు ఆపేసినా ఇన్వర్టర్‌లోని కెపాసిటర్లలో చార్జి కొంతసేపు నిలిచి ఉంటుంది. అందుకే శిక్షణ పొందిన మెకానిక్ కూడా పెద్ద బ్యాటరీ కరెంటును తెంపే సర్వీస్ ప్లగ్ తీశాక పది నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకుని, 1000 వోల్టులకు తగిన రబ్బరు గ్లౌజులతోనే ముట్టుకుంటాడు. వంటింట్లో వాడే గ్లౌజులు ఇందుకు పనికిరావు. సర్వీస్ ప్లగ్ ఎలా తీయాలో వీడియోలు దొరుకుతాయి, వాటిని చూసి ప్రయత్నించవద్దు.

ఇంకొక ప్రమాదం చాలామందికి తట్టదు. ‘రెడీ’లో ఉన్న కారు చప్పుడు చేయదు. ఆగిపోయిందనుకుని బెల్టు దగ్గరో ఫ్యాను దగ్గరో చేయి పెడితే ఇంజిన్ తనంతట తాను మొదలు కావచ్చు. బానెట్ కింద పని చేసేటప్పుడు కారు పూర్తిగా ఆపి, తాళాన్ని ఐదారు మీటర్ల దూరంలో, ఇంట్లో పెట్టండి. ఉంగరం, వాచీ తీసేయండి.

దగ్గర ఉంచుకోవలసినవి

డిజిటల్ మల్టీమీటరు తప్పనిసరి. డీసీ ఆంపియర్లు కొలిచే క్లాంప్ మీటరు దొరికితే మరీ మంచిది. 10 ఎంఎం స్పానరు, పాత టూత్ బ్రష్, వంట సోడా, వాజలైన్, కొన్ని అదనపు ఫ్యూజులు, టార్చి, కారు కంప్యూటర్లలో నమోదైన లోపాల కోడ్లు చదివి ఫోనుకు బ్లూటూత్‌తో పంపే ఓబీడీ స్కానరు, కారు యజమాని పుస్తకం. జంపర్ కేబుళ్లు డిక్కీలో ఎప్పుడూ ఉంచుకోండి.

1. లక్షణాలు రాసుకోండి, ఫొటో తీయండి

డాష్‌బోర్డు మీద ఏ ఏ లైట్లు వెలిగాయో ఫొటో తీయండి. కారు ఎన్ని రోజులు కదలకుండా ఉంది, వాన పడిందా, ఈ మధ్య హారనో కెమెరానో కొత్తగా బిగించారా, ఏసీ గ్యాస్ నింపించారా, కాగితం మీద రాసుకోండి. తరువాత ఎవరికి చూపించినా సగం పని ఈ కాగితమే చేస్తుంది.

2. సులభమైనవి ముందు చూడండి

బ్రేకు నొక్కి పట్టుకుని, వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో ఇంకొకరిని చూడమనండి. వెలగకపోతే ఫ్యూజో, పెడల్ దగ్గరి స్విచ్చో పోయినట్టు. బ్రేకు నొక్కినట్టు కారుకు తెలియకపోతే ‘రెడీ’ రాదు. ఇది చిన్న మరమ్మతు. తాళంలోని నాణెం బ్యాటరీ అయిపోయినా ఇలాగే మొరాయిస్తుంది. అప్పుడు తాళాన్ని స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కండి, చాలా కార్లు ఒప్పుకుంటాయి. గేరు ‘పి’లో ఉందా, పెట్రోలు ఉందా అన్నది కూడా చూడండి. పెట్రోలు లేకుండా బ్యాటరీ మీదే నడిపి దాన్ని పూర్తిగా పీల్చేసినవాళ్లున్నారు, అలా చేస్తే కారును లారీ మీద తీసుకెళ్లవలసి వస్తుంది.

3. చిన్న బ్యాటరీని కొలవండి

కొన్ని కార్లలో ఇది బానెట్ కింద, కొన్నింటిలో డిక్కీలో ఉంటుంది. కారు ఆపి కనీసం రెండు మూడు గంటలయ్యాక, వీలైతే తెల్లవారుజామున కొలవండి. నడిపి ఆపిన వెంటనే కొలిస్తే వచ్చే అంకె ఉన్న బలం కన్నా ఎక్కువ చూపిస్తుంది.

మీటరును 20 డీసీ వోల్టుల దగ్గర పెట్టి, ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు ఆనించండి.

12.6 పైన ఉంటే నిండుగా ఉంది. 12.2 అంటే దాదాపు సగం. 11.9 కంటే తక్కువైతే ఖాళీ అయినట్టే, ‘రెడీ’ రాకపోవడానికి అదే కారణం కావచ్చు.

అంకె బాగున్నా బ్యాటరీ బాగున్నట్టు కాదు. కారును ‘రెడీ’ చేయకుండా, బ్రేకు నొక్కకుండా బటన్ నొక్కి ‘ఆన్’లో పెట్టి, హెడ్‌లైట్లు, బ్లోయర్ రెండు నిమిషాలు వేసి మీటరు చూస్తూ ఉండండి. మెల్లగా 12 దగ్గరకు దిగితే ఫరవాలేదు. చూస్తుండగానే 11.5 కిందికి జారిపోతే లోపల ప్లేట్లు అలసిపోయాయి. మన ఎండలకు, ముఖ్యంగా రోహిణీ కార్తెలో, ఎండలో నిలబెట్టే కారు బ్యాటరీ నీడలో ఉండే దానికన్నా త్వరగా పోతుంది. చలికి పోయిందనుకునేవి చాలావరకు వేసవిలోనే దెబ్బతిని ఉంటాయి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. అంతకుముందు ఆంపియర్లు కొలిచి, మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోనే మరిచిపోయి వోల్టులు కొలవబోతారు. అప్పుడు మీటరే బ్యాటరీకి షార్టు అవుతుంది. తీగ ఏ రంధ్రంలో ఉందో ప్రతిసారీ చూసుకోండి.

4. టెర్మినళ్లు, ఎర్తు

మైపాడు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల పక్కన కారు నిలిపేవాళ్లు ఈ అంచెను అసలు వదలకూడదు. ఉప్పు గాలికి టెర్మినల్ క్లాంపు అంచున ముందు తెల్లని పొడి కనిపిస్తుంది, తరువాత అది నీలం, ఆకుపచ్చ కలిసిన గట్టి పెచ్చుగా మారుతుంది. పైకి శుభ్రంగా కనిపించినా క్లాంపు విప్పితే లోపలి వైపు నల్లటి పొర ఉంటుంది. కరెంటును ఆపేది అదే.

కళ్లతో కాదు, మీటరుతో తేల్చండి. హెడ్‌లైట్లు వేసి, ఒక తీగను బ్యాటరీ సీసపు కొమ్ము మీద, రెండోదాన్ని దానికి బిగించిన క్లాంపు మీద పెట్టండి. 0.1 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే అక్కడ పట్టు సరిగా లేదు. తరువాత మైనస్ కొమ్ముకూ, రంగు లేని బాడీ ఇనుముకూ మధ్య కొలవండి. 0.2 దాటితే ఎర్తు తీగ చివర తుప్పు పట్టింది.

శుభ్రం చేయడానికి కారు ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, ముందు మైనస్, తరువాత ప్లస్ విప్పండి. వంట సోడా కలిపిన నీటిలో తడిపిన బ్రష్‌తో రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, ముందు ప్లస్, చివర మైనస్ బిగించి పైన వాజలైన్ పలుచగా రాయండి. బ్యాటరీ డిక్కీలో ఉంటే నీళ్లు పోయవద్దు, తడి గుడ్డ చాలు. మరొక మాట, తీగ విప్పి ఉన్నప్పుడు డిక్కీ మూసేయవద్దు. కరెంటుతో తెరుచుకునే డిక్కీ అయితే మళ్లీ తెరవడానికి నానా అవస్థ పడాలి.

5. చార్జి లేదా జంప్

ఇంట్లో చార్జరుంటే తక్కువ ఆంపియర్లలో నిదానంగా చార్జి చేయడం ఉత్తమం. రోడ్డు మీద జంప్ ఇవ్వక తప్పదు. ఎర్ర కేబుల్‌ను మీ ప్లస్‌కు, తరువాత సాయం చేసే కారు ప్లస్‌కు, నల్ల కేబుల్‌ను వాళ్ల మైనస్‌కు, చివరి కొసను మీ కారులో రంగు లేని ఇనుముకు తగిలించండి. బ్యాటరీ డిక్కీలో ఉన్న కార్లలో బానెట్ కింద జంప్ టెర్మినల్ విడిగా ఉంటుంది, పుస్తకంలో చూడండి. ఐదు నిమిషాలు ఆగి ‘రెడీ’కి ప్రయత్నించండి. స్టార్టర్ లేదు కాబట్టి చిన్న పెట్రోలు కారు బ్యాటరీ కూడా సరిపోతుంది.

హెచ్చరిక: కృష్ణపట్నం పోర్టుకు వెళ్లే లారీలు, చీమకుర్తి గ్రానైటు లారీలు హైవే మీద ఆగి సాయం చేస్తామంటాయి. మంచి మనసే, కానీ లారీ కరెంటు 24 వోల్టులు. తగిలించారంటే కంప్యూటర్లు కాలిపోతాయి. ప్లస్, మైనస్ తారుమారైనా అదే గతి. మీ హైబ్రిడ్ నుంచి వేరే కారుకు జంప్ ఇవ్వడం కూడా వద్దు, ఆ స్టార్టర్ లాగే కరెంటుకు మీ కారు తయారు కాలేదు.

6. ‘రెడీ’ వచ్చాక మళ్లీ కొలవండి

చాలామంది కారు కదలగానే మీటరు లోపల పెట్టేస్తారు. అసలు సంగతి తెలిసేది ఇక్కడే. ‘రెడీ’లో 12 వోల్టుల బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.7 వరకు ఉండాలి. ఆల్టర్నేటర్ చేసే పనిని ఈ కార్లలో డీసీ–డీసీ కన్వర్టర్ చేస్తుంది. అంకె 12.4 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతుంటే కొత్త బ్యాటరీ వేసినా మర్నాటికి అదే కథ. కన్వర్టర్ పని సర్వీస్ సెంటర్‌కే వదలండి, అది నారింజ కేబుల్ వైపు ఉంటుంది.

బ్యాటరీ మార్చవలసి వస్తే అదే రకం తీసుకోండి. డిక్కీలోనో సీటు పక్కనో ఉండేదైతే గాలి గొట్టం ఉన్న ఏజీఎం (లోపలి ద్రవం తొణకని రకం) బ్యాటరీయే వేయాలి, ఆ గొట్టం బిగించాలి. చవకని మామూలు బ్యాటరీ పెడితే చార్జి అయ్యేటప్పుడు వచ్చే వాయువు మీరు కూర్చునే చోటే చేరుతుంది.

7. దొంగ కరెంటు పట్టుకోండి

బ్యాటరీ కొత్తది, కన్వర్టర్ బాగుంది, అయినా నాలుగు రోజులు నిలిపితే ‘రెడీ’ రాదు. అంటే ఆపిన కారులో ఏదో కరెంటు తాగుతోంది. సంక్రాంతికి ఊరికొచ్చి, కారు ఇక్కడ వదిలి చెన్నైకో బెంగళూరుకో వెళ్లేవాళ్ల బాధ ఇదే.

అన్నీ ఆపి, తాళం దూరంగా పెట్టి, బానెట్ తెరిచి ఉంచండి. తలుపు తెరిచి ఫ్యూజుల దగ్గర పని చేయాలంటే, తలుపు లాక్ కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో మూసిన స్థితికి నొక్కండి, తలుపు మూసుకుందని కారు అనుకుంటుంది. పని అయ్యాక ఆ కొక్కెం విడిపించడం మరవకండి. అరగంట, నలభై నిమిషాలు ఆగండి. కంప్యూటర్లు నిద్రలోకి జారుకోవడానికి అంత సమయం కావాలి. ఆగకుండా కొలిచి ‘అమ్మో, మూడు ఆంపియర్లు పోతోంది’ అని కంగారు పడేవాళ్లే ఎక్కువ.

క్లాంప్ మీటరును మైనస్ తీగ చుట్టూ వేయండి. 0.05 ఆంపియరు, అంతకంటే తక్కువైతే మంచిదే. 0.3 ఉందనుకోండి, 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 150 గంటల్లో, అంటే ఆరు రోజుల్లో పూర్తిగా ఖాళీ. ‘రెడీ’ రాకపోవడం అంతకు ముందే మొదలవుతుంది. క్లాంప్ మీటరు లేక మామూలు మీటరును మైనస్ తీగకు వరుసలో కలిపితే ఆ సమయంలో స్టార్ట్ బటన్ నొక్కవద్దు, తలుపు తెరవవద్దు, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది.

తరువాత క్యాబిన్‌లోని చిన్న ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి. ఏది తీస్తే పడిపోయిందో ఆ లైనులోనే దొంగ ఉన్నాడు. బోల్టులతో బిగించిన పెద్ద ఫ్యూజుల జోలికి పోవద్దు. నా మటుకు నేను ముందు అనుమానించేది కారుతో వచ్చిన సామాను కాదు, తరువాత బిగించినది. బ్యాటరీకి నేరుగా కలిపిన డాష్ కెమెరా, జీపీఎస్, అదనపు లైట్లు, చివరికి ఎప్పుడూ గుచ్చి ఉంచే ఓబీడీ స్కానరు కూడా.

పోయిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లదో, రాగి తీగో పెట్టడం వైరింగ్ తగలబెట్టుకోవడమే. అదే విలువది వేయండి. మళ్లీ పోతే కారణం వెతకండి.

8. ఎలుకలు

కోతల కాలంలో ధాన్యం దగ్గర, గడ్డివాము పక్కన నిలిపిన కారుకు ఇది మొదటి అనుమానం. టార్చి వేసి వైరింగ్ గుత్తుల వెంట చూడండి. చిన్న చిన్న ప్లాస్టిక్ తునకలు, పెంటికలు, ఒకచోట తొడుగు పోయి తళతళలాడే రాగి కనిపిస్తాయి. సన్నని 12 వోల్టుల తీగ అయితే కారు ఆపి, మైనస్ విప్పి, తెగిన కొసలు సాల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడగవచ్చు. ఉత్త టేపు చుడితే వేసవి వేడికి జారిపోతుంది. నారింజ తొడుగు మీద పంటి గాటు ఒక్కటి కనిపించినా కారు కదపవద్దు, ఫోను చేసి పిలిపించండి.

9. కోడ్లు చదవండి, చెరపవద్దు

ఓబీడీ స్కానరు పెట్టి వచ్చిన కోడ్లన్నీ ఫొటో తీయండి. చెరిపేస్తే వాటితోపాటు ఆ క్షణపు వివరాలు కూడా పోతాయి, మెకానిక్ చీకట్లో వెతకాలి. 12 వోల్టులు పడిపోయినప్పుడు ‘యు’తో మొదలయ్యే కోడ్లు గుంపుగా వస్తాయి. ఒక్కొక్క కంప్యూటర్ పోయిందని కాదు, వాటికి కరెంటు అందలేదని అర్థం. బ్యాటరీ సరిచేశాక మళ్లీ వచ్చినవే లెక్కలోకి తీసుకోండి.

పి0562 అంటే వోల్టేజీ తక్కువ. పైన చెప్పిన అంచెలే దానికి మందు.

పి0ఎ93 అంటే ఇన్వర్టర్ చల్లబడటం లేదు. ఇంజిన్ చల్లారాక ఇన్వర్టర్ కూలెంట్ మట్టం చూడండి. తక్కువ ఉంటే ఎక్కడో కారుతోంది, సరిగా ఉంటే పంపును అనుమానించాలి. ఎండలో నడిపితే ఇన్వర్టరే పోతుంది, అక్కడే ఆపండి.

పి0ఎ0డి భద్రతా ఇంటర్‌లాక్‌కు, అంటే మూతో ప్లగ్గో తీస్తే పెద్ద వోల్టేజీని ఆపే ఏర్పాటుకు సంబంధించింది. ఎవరో పని చేసి మూతో ప్లగ్గో పూర్తిగా బిగించకపోయినా ఇది వస్తుంది. ఆ పని చేసినవాళ్ల దగ్గరికే వెళ్లండి.

పి0ఎఎ6 వస్తే మాత్రం జాగ్రత్త. పెద్ద వోల్టేజీ బాడీలోకి కారుతోందని కారు పసిగట్టింది. దీనికి మన వైపు ఒక కారణం తరచుగా మరుగున పడుతుంది, అది వేసవిలో ఏసీ గ్యాస్ నింపడం. హైబ్రిడ్ ఏసీ కంప్రెసర్ పెద్ద బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది, దాని మోటారు నూనెలోనే మునిగి ఉంటుంది. అందుకే దానికి కరెంటును ఆపే పీవోఈ రకం నూనె వాడతారు. మామూలు కార్లకు వాడే పీఏజీ నూనె కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ పడిపోతుంది. “ఇది హైబ్రిడ్, ఏ నూనె పోస్తారు?” అని అడగండి. సరైన జవాబు రాకపోతే గ్యాస్ పెట్టించవద్దు.

10. పెద్ద బ్యాటరీకి గాలి అందుతోందా?

చాలా హైబ్రిడ్లలో వెనక సీటు కిందనో పక్కనో జాలీ ఉన్న గాలి రంధ్రం ఉంటుంది. పెద్ద బ్యాటరీ ఊపిరి పీల్చేది అక్కడి నుంచే. చీమకుర్తి క్వారీల మీదుగా రోజూ తిరిగే కారులో ఆ ఫిల్టరు తీసి చూడండి. గ్రానైటు పొడి, సీటు నూలు, వెంట్రుకలు కలిసి బూడిదరంగు దుప్పటిలా పట్టి ఉంటాయి. జాలీ తీసి, ఫిల్టరును మెత్తని బ్రష్‌తోనూ వాక్యూమ్‌తోనూ శుభ్రం చేయండి. ఉతికితే పూర్తిగా ఆరాకే పెట్టండి. లోపలికి గాలి ఊదవద్దు, దుమ్ము బ్యాటరీ మీదికే పోతుంది. సంచులు, దుప్పట్లు ఆ రంధ్రానికి అడ్డం పెట్టవద్దు.

ఇంత చేశాక కూడా, పెద్ద బ్యాటరీ మార్చాలని చెప్పే పి0ఎ80 కోడ్ వస్తే అప్పుడు పెద్ద బ్యాటరీ గురించి మాట్లాడాలి. అప్పుడైనా ‘మార్చాలి’ అన్న మాట ఒక్కటే వినవద్దు, ఒక్కొక్క బ్లాకు (బ్యాటరీ లోపలి సెల్లుల గుంపు) వోల్టేజీ కాగితం మీద అడగండి. ఒక్క బ్లాకు మాత్రమే మిగతావాటికన్నా దిగజారుతోందా, అన్నీ కలిసి దిగుతున్నాయా అన్నది అందులో తెలుస్తుంది. టొయోటా మన దేశంలో హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇస్తోంది. మీ పుస్తకంలో తేదీ చూడండి. బయటి షెడ్డులో పెద్ద బ్యాటరీ విప్పించారంటే ఆ హక్కు పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

వరదలో మునిగితే

2021 నవంబరులో పెన్నా వరదకు కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈ జిల్లాల్లో కారు నీళ్లలో చిక్కడం కొత్త కాదు. నీరు సీట్ల దాకా వచ్చిన హైబ్రిడ్‌లో పైన చెప్పిన ఏ పరీక్షా చేయవద్దు. ‘ఒకసారి చూద్దాం’ అని బటన్ నొక్కవద్దు, చార్జరు పెట్టవద్దు. ఫొటోలు తీసి బీమా వాళ్లకు చెప్పి, ఫ్లాట్‌బెడ్ లారీ మీద పంపండి. చక్రాలు నేల మీద దొర్లేలా లాగితే మోటార్లు తిరిగి కరెంటు పుట్టిస్తాయి.

మరమ్మతు నిలిచిందని ఎలా తెలుస్తుంది?

వరుసగా మూడు ఉదయాలు తలుపు తెరవక ముందే, లేదా తెరిచిన వెంటనే వోల్టులు కొలిచి రాసుకోండి. 12.5 చుట్టూ నిలకడగా ఉంటే సరే. రోజుకు 0.1 వోల్టు చొప్పున దిగుతుంటే 7వ అంచెకు మళ్లీ వెళ్లండి. ఏసీ, లైట్లు వేసి ‘రెడీ’లో 13.5 నిలుస్తోందా చూడండి. ఒక అరగంట నడిపి కోడ్లు మళ్లీ చదవండి. కారు నిలిపి ఉంచే ఇల్లయితే రెండు వారాలకొకసారి అరగంట నుంచి గంట దాకా నడిపించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మూసిన షెడ్డులో ‘రెడీ’లో వదలవద్దు, ఇంజిన్ దానంతట అదే మొదలై పొగ నిండుతుంది. ఊరికే ‘ఆన్’లో పెట్టి పాటలు వింటే చార్జి కాదు, ఉన్నది కూడా అయిపోతుంది.